పడవ మీది పాత పేరు చెరపాలి, కింది మెరుపు మాత్రం పోకూడదు. దారి చెప్పండి

కొత్త_తెడ్డు
అందరికీ నమస్కారం. ఈ మధ్యే ఒక పాత ఫైబర్ పడవ కొన్నాను. 18 అడుగులుంటుంది, తెల్లది. వెనక పలక మీద ఎర్ర రంగుతో జానెడు ఎత్తు అక్షరాల్లో "రాజహంస" అని రాసి ఉంది. పేరు బాగానే ఉంది గానీ, మా అమ్మాయి "వెన్నెల" అని పెట్టాల్సిందేనని పట్టుబట్టింది.
స్టిక్కరేమో అని గోటితో అంచు లేపబోయాను, రాలేదు. దగ్గర్నుంచి చూస్తే కుంచె చారలు కనిపిస్తున్నాయి, కాబట్టి చేత్తో రాసిన రంగే. ఇంట్లో థిన్నర్ డబ్బా ఉంది, ఉప్పు కాగితం ఉంది. దేనితో మొదలుపెట్టాలి? కింద తెలుపు పాడైతే మొత్తం పడవకు రంగు వేయించాలేమోనని టెన్షన్‌గా ఉంది.

చుక్కాని
ఆ రెండూ ప్రస్తుతానికి పక్కన పెట్టండి. అక్షరాల సంగతి తర్వాత, ముందు వాటి కింద ఏముందో తేలాలి. ఆ తెలుపు పడవతో పాటు అచ్చులోంచి గట్టి పైపూతగా వచ్చిన జెల్‌కోటా, లేక తర్వాత ఎవరో వేయించిన పెయింటా? మీరు వాడే ప్రతి మందూ దాన్ని బట్టే ఉంటుంది.
ఎక్కడైనా పెచ్చు ఊడిన చోటు ఉంటే దాని అంచు చూడండి. జెల్‌కోట్ మందంగా, దాదాపు అర మిల్లీమీటరు ఉంటుంది, దాని కింద నేరుగా ఫైబర్ పోగు కనిపిస్తుంది. పెయింటైతే కాగితంలా పలచగా ఉంటుంది, కింద ఇంకో రంగు పొర కనబడొచ్చు. బిగింపుల చుట్టూ, రబ్బరు పట్టీల అంచుల్లో కూడా చూడండి. పడవకు రంగు వేసినవాళ్లు అక్కడ కొంచెమైనా పూసేసి ఉంటారు.

కొత్త_తెడ్డు
చూశాను సార్. తాడు కట్టే కొక్కెం దగ్గర చిన్న పెచ్చు ఊడి ఉంది. మందంగానే ఉంది, కింద పోగు కనిపిస్తోంది. వేలితో రుద్దితే తెల్లగా సుద్దపొడి అంటుకుంటోంది.

చుక్కాని
అయితే జెల్‌కోటే. మీ అదృష్టం. ఆ సుద్దపొడి ఎండకు పైపొర చితికిపోయిన గుర్తు. అది మాత్రం గుర్తుపెట్టుకోండి, తర్వాత మిమ్మల్ని ఏడిపించేది అదే.

అలల_మీద
అన్నా, ఇంత ఆలోచన దేనికి? అసిటోన్ గుడ్డ మీద పోసుకుని గట్టిగా రుద్దెయ్. పది నిమిషాల పని. నేను మా పడవ మీది నల్ల అక్షరాలు అలాగే తీశాను.

కుంచె_పట్టినోడు
తమ్ముడూ, నల్లవి కాబట్టి నీకు సరిపోయింది. నేను ఇరవై ఏళ్లుగా బోర్డులూ పడవలూ రాస్తున్నాను. ఎరుపు, మెరూన్ ఈ రెంటితో ఆటలొద్దు. సుద్దబారిన తెలుపు స్పాంజిలాంటిది, కంటికి కనిపించని సందులు నిండా ఉంటాయి. అసిటోన్ ఎర్ర రంగును కరిగించి ఆ సందుల్లోకి దింపేసి, తాను చిటికెలో ఆవిరైపోతుంది. అక్షరం పోతుంది, బదులుగా గులాబీ రంగు మచ్చ మిగులుతుంది. అప్పుడు తీయాల్సింది అక్షరం కాదు, జానెడు వెడల్పు పులుముడు.
కొత్త తెడ్డు గారూ, అసలు పేరు రాసినాయన ఏ రంగు వాడాడో అడిగే వీలుందా? మామూలుగా మేం వాడేది ఆయిల్ ఎనామిల్. అయితే పని సులువే. కొందరు గట్టిగా ఉండాలని రెండు డబ్బాలు కలిపే పాలీయురేథేన్ వాడతారు, అదైతే మందులకు లొంగదు.

కొత్త_తెడ్డు
అడిగే వీల్లేదండి, నాకు అమ్మిన ఆయన కూడా రెండో చేతి మీదే కొన్నాడట.

రసాయనం_మాస్టారు
అడగక్కర్లేదు, పరీక్షించొచ్చు. "స" చివర తోకలో చిటికెన వేలి గోరంత చోటు తీసుకోండి. దూది పుల్లను మినరల్ టర్పెంటైన్‌లో ముంచి అర నిమిషం అక్కడే ఆనించి తిప్పండి. దూదికి ఎరుపు అంటితే మామూలు ఎనామిలే. అంటకపోతే అసిటోన్‌తో అదే చేయండి. దానికీ కదలకపోతే రెండు డబ్బాల రంగు అనుకోవచ్చు.
ఇంకో మాట. పాత ఎనామిల్ బాగా ఎండిపోయి ఉంటే టర్పెంటైన్‌కు లొంగకపోవచ్చు. అంతమాత్రాన బెంగ అక్కర్లేదు, దానికి వేరే దారి ఉంది.

కొత్త_తెడ్డు
చేశాను మాస్టారూ. టర్పెంటైన్‌కు చాలా లేత గులాబీ అంటింది, అసిటోన్‌కు ఎర్రగా వచ్చింది. దూది ఆనించిన చోట తెలుపు మీద మాత్రం ఏ మార్పూ లేదు.

రసాయనం_మాస్టారు
అయితే ఆయిల్ ఎనామిలే, ముదిరిపోయింది. ఇప్పుడు ఆ వేరే దారి చెబుతాను. ఓవెన్ శుభ్రం చేసే నురగ స్ప్రే. నవ్వకండి, పడవల వాళ్లు ఎప్పటినుంచో వాడుతున్న చిట్కా ఇది. అందులో ఉండేది కాస్టిక్ సోడా. ఆయిల్ ఎనామిల్‌కు పునాది నూనె. కాస్టిక్ తగిలితే నూనె సబ్బవుతుంది. వంటింట్లో జిడ్డు వదలడానికి కారణమూ ఇదే. రంగుకు పట్టు పోయి మెత్తబడి, తుడిస్తే వచ్చేస్తుంది. ద్రావకంలా కరిగి సందుల్లోకి పారదు కాబట్టి ఎర్ర రంగుకు ఇదే నయం.
కాస్టిక్ లేని రకాలు కూడా అమ్ముతారు, అవి ఈ పనికి మందకొడి. డబ్బా మీద సోడియం హైడ్రాక్సైడ్ అని ఉందో లేదో చూసి కొనండి.

తెరచాప
మాస్టారూ, ఇక్కడ నేను ఒప్పుకోను. జెల్‌కోట్ కూడా పాలిస్టరే కదా. ఎనామిల్‌ను తినేది దాన్ని వదులుతుందా? మా స్నేహితుడు స్ప్రే కొట్టి భోజనానికి వెళ్లాడు. తిరిగొచ్చేసరికి అక్షరాలున్న చోటంతా మసకబారింది, మెరుపు పూర్తిగా పోయింది.

రసాయనం_మాస్టారు
మీరన్నది నిజం, అందుకే గడియారం పెట్టుకోమంటాను. జెల్‌కోట్‌లో పాలిస్టర్ గొలుసులను స్టైరీన్ అడ్డంగా ముడేసి బిగిస్తుంది, అందుకని కాసేపు తట్టుకుంటుంది. ఎప్పటికీ తట్టుకోదు. 5 నిమిషాలు, మహా అయితే 10. ఎండిపోనివ్వకూడదు. నేరుగా ఎండ పడే వేళ అసలు చేయకూడదు. రాకపోతే కడిగేసి మళ్లీ ఇంకో 5 నిమిషాలు పెట్టాలి గానీ, ఒకేసారి అరగంట వదిలేయకూడదు. మీ స్నేహితుడి పడవను పాడు చేసింది స్ప్రే కాదు, భోజనం.

తెరచాప
హహ, ఆయనకు ఈ మాట చూపిస్తాను.

చుక్కాని
కొన్ని జాగ్రత్తలు నేనూ చెబుతాను, ఇక్కడ చదివేవాళ్లందరి పడవలూ ఫైబర్‌వి కావు కదా. అల్యూమినియం పడవ మీద కాస్టిక్ పడకూడదు. లోహాన్ని తినేస్తుంది, పైగా మండే హైడ్రోజన్ వాయువు పుడుతుంది. ఫైబర్ పడవకైనా వెనక పలక మీద ఇంజను బిగింపులు, నిచ్చెన మేకుల దగ్గర అల్యూమినియం ఉంటే ప్లాస్టిక్ చుట్టి టేపు వేయండి. నీటిమట్టం గీతకు, దాని కింది నాచు నిరోధక రంగుకు కూడా కారకుండా అడ్డు కట్టండి. పైనుంచి కారిన చారలు అక్షరాలకన్నా అసహ్యంగా ఉంటాయి.
కళ్లద్దాలు, మోచేతి దాకా రబ్బరు గ్లవ్స్ తప్పనిసరి. కాస్టిక్ కంట్లో పడితే మామూలు మంట కాదు, చూపే పోవచ్చు. పక్కనే బకెట్టు నీళ్లు కాదు, పారే గొట్టం ఉండాలి. పడవను నీళ్లలో ఉంచి చేయకండి, ఒడ్డుకు తెచ్చి కింద పట్టా పరచండి.

అలల_మీద
సరే, అసిటోన్ మాట వెనక్కి తీసుకుంటున్నా. మరి రంగు తీసే జెల్, పెయింట్ రిమూవర్ అని డబ్బాల్లో వస్తుంది కదా, అది?

లంగరు_దించు
ఆ మాటెత్తకండి బాబూ. నా కథ వినండి. ఏడేళ్ల కిందట మా పడవ పక్కన రాసిన పేరుకు చెక్క తలుపులకు వాడే రిమూవర్ పూశాను. 10 నిమిషాల్లో అక్షరాలు ముడతలు పడి లేచాయి, ఆనందపడిపోయాను. గరిటెతో తీస్తే అక్షరాలతో పాటు తెలుపు కూడా జిగురు జిగురుగా వచ్చింది. డబ్బా మీద చిన్న అక్షరాల్లో "ఫైబర్‌గ్లాస్ మీద వాడరాదు" అని ఉంది. నేను చదవలేదు. మూడు అడుగుల మేర జెల్‌కోట్ కొత్తగా పూయించాల్సి వచ్చింది. రంగు కలవడానికి నాలుగు సార్లు ప్రయత్నించారు, ఇప్పటికీ సాయంత్రం ఎండలో ఆ ముక్క వేరుగా కనిపిస్తుంది.

రసాయనం_మాస్టారు
అందులో డైక్లోరోమీథేన్ ఉండి ఉంటుంది. అది జెల్‌కోట్‌ను ఉబ్బించి మెత్తబరుస్తుంది. దాని ఆవిరి మూసిన గదిలో ప్రాణాంతకం కూడా. అమెరికాలో 2019లో సామాన్య వాడకందారులకు ఆ రకం రిమూవర్లు అమ్మకుండా నిషేధం తెచ్చారు. పడవల కోసమే చేసిన రిమూవర్లు వేరుగా ఉంటాయి, ఫైబర్‌గ్లాస్‌కు పనికొస్తాయని డబ్బా మీద రాసి ఉంటుంది. అలా రాసి లేనిది దేన్నీ తాకించకండి.

చెక్క_వార్నిష్
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. మాది చెక్క పడవ, వార్నిష్ చేసిన పలక మీద పేరు రాసి ఉంది. మాకు కూడా ఓవెన్ స్ప్రే పనికొస్తుందా?

కుంచె_పట్టినోడు
వద్దమ్మా. వార్నిష్ కూడా నూనె సరుకే, అక్షరాలకంటే ముందే లేచిపోతుంది. కాస్టిక్ తగిలిన చెక్క నల్లబడుతుంది కూడా. పైగా చెక్క పడవలకు చాలామంది అక్షరాలు రాశాక వాటి మీద ఇంకో రెండు మూడు పూతల వార్నిష్ వేస్తారు, అంటే రంగు రెండు పొరల మధ్య ఇరుక్కుని ఉంటుంది. పైన గోరుతో గీకితే అక్షరం అంచు చేతికి తగలకపోతే అదే సంగతి. అప్పుడు ఉప్పు కాగితంతో పొరపొరగా దిగడమే. అక్షరం పోగానే ఆగి, మొత్తం పలకకు సమంగా కొత్త వార్నిష్ వేయండి. అక్షరాలున్న చోట మాత్రమే వేస్తే కిటికీ పెట్టినట్టు ఉంటుంది. బంగారు రేకు అక్షరాలైనా ఇదే పద్ధతి.
ఇంకొకటి, వార్నిష్, నూనె తుడిచిన గుడ్డలు ఉండలా చుట్టి మూల పడేయకండి. వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. బయట పరిచి ఆరబెట్టండి.

చెక్క_వార్నిష్
గీకితే అంచు తగల్లేదు. పొరల మధ్యే ఉన్నట్టుంది. ఓపిగ్గా దిగుతాను, థాంక్స్ అండీ.

నీటి_పిచ్చి
నా తెలుపు జెల్‌కోట్ కాదు, రెండు డబ్బాల పాలీయురేథేన్ పెయింట్. మెరిసిపోతుంటుంది. పాత అక్షరాలు మామూలు ఎనామిల్. నేనేం చేయాలి?

చుక్కాని
మెత్తటి మందుతో మొదలుపెట్టండి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్, తర్వాత టర్పెంటైన్. ఆరిపోకుండా గుడ్డ తడిపి అక్షరం మీద పరిచి, పైన వంటింటి ప్లాస్టిక్ కాగితం కప్పి రెండు నిమిషాలు ఉంచితే బాగా పనిచేస్తుంది. మీకు కాస్టిక్ నేను చెప్పను, మెరుపు చంపేయొచ్చు. రబ్బింగ్ కాంపౌండ్ (రుద్ది మెరుపు తెచ్చే ముద్ద) కూడా తొందరపడి వాడకండి. ఆ రకం పెయింట్లలో మెరుపునిచ్చే పొర పైపైనే ఉంటుంది. ఒకసారి రుద్ది తీసేస్తే తర్వాత ఏటేటా రుద్దుతూనే ఉండాలి. అర మిల్లీమీటరు జెల్‌కోట్ ఉన్నవాళ్లకు ఉన్న వెసులుబాటు మీకు లేదు.

కొత్త_తెడ్డు (నాలుగు రోజుల తర్వాత)
చేశానండీ! పొద్దున్నే నీడలో. చుట్టూ టేపు, ప్లాస్టిక్, కింద పట్టా. ముందు "స" ఒక్కటే. 6 నిమిషాలకు నురగ గులాబీ రంగులోకి మారింది. ప్లాస్టిక్ గరిటెతో మెల్లగా తోస్తే పెరుగు మీది మీగడలా వచ్చింది. బయటి నుంచి లోపలికి, ప్రతిసారీ గుడ్డ మడత మార్చి తుడిచాను. తర్వాత మిగతా మూడు అక్షరాలూ రెండు విడతల్లో పోయాయి. బోలెడు నీళ్లతో కడిగాను.
ఇప్పుడు అసలు సమస్య. రంగు అంతా పోయింది. కానీ "రాజహంస" అలాగే కనిపిస్తోంది! ఎర్రగా కాదు, చుట్టూ ఉన్న తెలుపుకన్నా ఇంకా తెల్లగా, నున్నగా. వేలితో తడిమితే అంచు కూడా తెలుస్తోంది.

చుక్కాని
ఏడిపిస్తుందన్నది దీన్నే. బయటి తెలుపు ఏళ్ల తరబడి ఎండకు మాడి సుద్దయి, కొంత అరిగిపోయింది. అక్షరాల కిందిది రంగు గొడుగు పట్టినట్టు కొత్తదిగానే ఉండిపోయింది. అంటే చెడిపోయింది అక్షరాల చోటు కాదు, మిగతా పలకంతా. అందుకని అక్షరాల మీద రుద్ది లాభం లేదు, మొత్తం పలకను ఆ స్థాయికి తేవాలి.

లంగరు_దించు
ముందు రబ్బింగ్ కాంపౌండ్ ప్రయత్నించండి, చాలాసార్లు దానితోనే రంగు తేడా సరిపోతుంది. అంచు చేతికి తగులుతోందంటున్నారు కాబట్టి నీళ్ల కాగితం కూడా పట్టాల్సి రావచ్చు. 1000 నంబరు, తర్వాత 1500, తర్వాత 2000. చెక్కకు వాడే పొడి ఉప్పు కాగితం కాదు, నీళ్లలో నానబెట్టి వాడే నల్లది. బకెట్లో రెండు చుక్కల గిన్నెల సబ్బు వేయండి, జారుతుంది. వేళ్లతో పట్టి రుద్దితే గాడులు పడతాయి, గట్టి రబ్బరు దిమ్మకు చుట్టి రుద్దండి. పలక అంచుల్లో, మూలల్లో జెల్‌కోట్ పలచగా ఉంటుంది, అక్కడికి వెళ్లకండి.
నాకొకరు నేర్పిన కిటుకు: రుద్దేముందు పలకంతా పెన్సిల్‌తో పిచ్చి గీతలు గీయండి. గీతలు ఎక్కడ పోయాయో అక్కడ కాగితం తగిలినట్టు, ఉన్నచోట పల్లం ఉన్నట్టు. గీతలన్నీ పోగానే ఆ నంబరు ఆపేయాలి. ఇంకా ఇంకా అని రుద్దితే పోగు బయటపడుతుంది.

కుంచె_పట్టినోడు
మర్చిపోయిన మాట: పాత అక్షరాల రంగులో సీసం ఉండే అవకాశం ఉంది, పసుపు, ఎరుపుల్లో మరీను. తడిపి రుద్దడమే మేలు, దుమ్ము లేవదు. ఆ బురద తుడిచిన గుడ్డలు పిల్లలకు అందకుండా చూడండి.

కొత్త_తెడ్డు (పది రోజుల తర్వాత)
కాంపౌండ్‌తో సగం తేడా పోయింది. నీళ్ల కాగితంతో మిగతాది. ముప్పావు వంతు పలక అద్దంలా ఉంది, మా అమ్మాయి మొహం చూసుకుంటోంది. కానీ రెండు వింతలు.
ఒకటి, రుద్దుతుంటే "రాజహంస" కింద ఇంకో పేరు నీడ లేచింది! "గ" తో మొదలవుతోంది, మిగతాది చదవలేకపోతున్నా. అంటే నాకంటే ముందు ఎవరో ఒకరు ఇదే పని సగంలో వదిలేశారన్నమాట.
రెండు, "హ" పక్కన ఉన్న సున్నా మాత్రం పోవడం లేదు. రాసినాయన అక్కడ రెండు మూడు పూతలు వేసినట్టున్నాడు, ఎత్తుగా ఉంది. ఇంకా రుద్దాలంటే భయం వేస్తోంది.

చుక్కాని
ఆగిపోండి. భయం వేసిన చోట ఆగడమే ఈ పనిలో ఒడుపు. వ్యాక్స్ వేసి ఎండలో వదిలేస్తే ఒకటి రెండు సీజన్లలో కొంత కలిసిపోతుంది. లేదా కొత్త అక్షరాలను దాని మీదికి వచ్చేలా జరపండి.

కుంచె_పట్టినోడు
సున్నా ఎక్కడుంది? పలక మధ్యకు కుడి పక్కన కదా. "వెన్నెల" ఎడమ నుంచి రాసుకుంటూ వస్తే అది చివర, కొంచెం పైన పడుతుంది. అక్కడ చందమామను పెట్టండి. సున్నా కంటే ఓ అంగుళం పెద్దది. వెన్నెల పక్కన చందమామ ఉంటే ఎవరడుగుతారు?

అలల_మీద
ఈ ఐడియాకు వందనం. నేను నా నల్ల అక్షరాల మచ్చకు ఏం పెట్టాలో కూడా చెప్పండి, అది "ట" ఆకారంలో ఉంది.

కుంచె_పట్టినోడు
టోపీ.

కొత్త_తెడ్డు
చందమామ ఖాయం, మా అమ్మాయి ఒప్పుకుంది. రాతకు ముందు ఇంకేమైనా చేయాలా? వ్యాక్స్ వేసేయనా?

కుంచె_పట్టినోడు
అయ్యో, వేయకండి! వ్యాక్స్ మీద రంగు నిలవదు, చేప కళ్లలా గుంటలు గుంటలుగా విడిపోతుంది. కాంపౌండ్‌లో కూడా జిడ్డు ఉంటుంది. వ్యాక్స్ తీసే ద్రావకంతో ఒక గుడ్డతో తుడిచి, ఆరకముందే ఇంకో పొడి గుడ్డతో ఎత్తేయండి. ఒకే గుడ్డతో తుడిస్తే జిడ్డును అటూ ఇటూ తిప్పినట్టే. తర్వాత నీళ్లు చల్లి చూడండి. పలచటి పొరలా పరుచుకుంటే శుభ్రమైనట్టు, ముత్యాల్లా ఉండలు కడితే ఇంకా జిడ్డున్నట్టు. రాత పూర్తిగా ఎండాక అక్షరాల చుట్టూ వ్యాక్స్ వేయండి.
అంచులకు టేపు పెట్టి వేస్తుంటే, రంగు పూర్తిగా ఎండకముందే, ఇంకా కాస్త మెత్తగా ఉండగానే లాగేయండి. టేపును వెనక్కి మడిచి, మెల్లగా. మర్నాటికి వదిలితే అంచు పెళుసై టేపుతో పాటు పెచ్చులుగా ఊడుతుంది.

కొత్త_తెడ్డు
నీళ్లు పొరలాగే పరుచుకున్నాయి. "వె" అయింది, "న్నె" అయింది, "ల" కూడా అయింది. చందమామ ఇప్పుడే నింపాను, సున్నా కనిపించడం లేదు. టేపు ఇంకా అలాగే ఉంది, ఫోన్ పక్కన పెట్టి వెళ్తున్నా.